గీతక్క పరీక్ష రికార్డులు

ఆమె అసలు పేరు గీత కాదు. మా దుకాణంలో ఆ సంగతి నాకూ మా యజమానికీ తప్ప ఎవరికీ తెలియదు. రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసింది. అక్కడ ఆమె పని వినడం. ప్రెస్సు నుంచి దిగిన ప్రతి వంద రికార్డుల్లో ఒకటి తీసి ఆమె గదికి పంపేవారు. దాన్ని మొదటినుంచి చివరిదాకా విని, బాగుంటే చీటీ మీద సంతకం పెట్టేది. బాగులేకపోతే "గీత ఉంది" అని తిప్పి పంపేది. నిజంగా గీత పడినా, లోపల గాలిబుడగ ఉన్నా, నడిమి రంధ్రం ఓ పక్కకు జరిగినా ఆమె నోట వచ్చేది ఆ ఒక్క మాటే. విని విని ప్రెస్సు దగ్గరివాళ్ళు గీతక్క అని పేరు పెట్టేశారు. హాజరుపట్టీలో తప్ప అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

నేను ఆమెను ఎరిగింది ఆ ఫ్యాక్టరీ మూతపడిన పదేళ్ళకు. మాది పాటలు వినే సామాను అమ్మే దుకాణం. ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు, రికార్డు ప్లేయర్లు. ముందు గదిలో కూర్చుని యజమాని అమ్ముతారు. వెనక గదిలో కూర్చుని నేను పాతవాటిని విప్పి బాగుచేస్తాను, కొత్తవాటిని బిగించి ఇస్తాను. రికార్డులకు మళ్ళీ గిరాకీ వచ్చిన రోజులవి. ఒక మధ్యాహ్నం యాభై దాటిన ఒకావిడ చేతిసంచీతో లోపలికి వచ్చింది. బట్టలు ఇస్త్రీ చేసే షాపులో పనిచేస్తున్నట్టుంది, వేళ్ళ చివర్లు ఆవిరికి నాని తెల్లబడ్డాయి. ఇంట్లో పాత ప్లేయరు ఉందని, దానికి సూది కావాలని అడిగింది. ఆ పొద్దున్నే పెట్టిన కొత్త స్పీకర్లలో ఎవరిదో పాట వస్తోంది. యజమాని సూదుల డబ్బా వెతుకుతుంటే ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి అంది.

"బాబూ, ఆ రెండిట్లో ఒకదానికి వైర్లు తారుమారు పెట్టారు."

"ఎలా చెప్తున్నారమ్మా?" అన్నారు యజమాని.

"పాడే మనిషి మధ్యలో లేడు. గదంతా పరుచుకుపోయాడు. మనిషన్నాక ఒకచోట నిలబడి కదా పాడేది."

ఆ వైర్లు పెట్టింది నేనే. ఉక్రోషంగా వచ్చి స్పీకరు వెనక్కి వంగి చూశాను. ఎర్రది ఉండాల్సిన చోట నల్లది ఉంది. మార్చి పెట్టగానే గొంతు వచ్చి రెండు పెట్టెల నడుమ తిన్నగా నిలబడింది. యజమాని సూదుల సంగతి మరిచిపోయి ఆవిడకు కుర్చీ వేశారు. వారం తిరక్కుండానే గీతక్క వారానికి మూడు రోజులు మా దగ్గర పనికి కుదిరింది. కొత్తగా వచ్చిన ప్రతి సెట్టునూ ఆమె విని సరేనంటేనే ముందు గదిలోకి వెళ్ళాలి.

పరీక్షకు ఆమె దగ్గర మూడు రికార్డులుండేవి. ఫ్యాక్టరీ మూసేటప్పుడు తెచ్చుకున్నవి. పాత తువ్వాలులో చుట్టి తెచ్చేది. మొదటిదాంట్లో ఒక ఆడమనిషి వాద్యాలేవీ లేకుండా ఒంటిగా పాడుతుంది. అందులో "స" అనే అక్షరం బుసకొట్టకూడదు. రెండోదాంట్లో పెద్ద డోలు, దానితోబాటు రెండు చెక్కముక్కల చిటచిట. డోలు మోగినప్పుడు చెక్కల చప్పుడు మునిగిపోకూడదు. మూడోది అసలు పాటే కాదు. ఒక ముసలాయన పిల్లలకు కథ చెబుతాడు. అందులో ఏం వినాలని మొదటిసారి అడిగినప్పుడు గీతక్క రికార్డు అంచు తువ్వాలుతో తుడిచింది. తర్వాత చెప్పింది.

"ఆయన కుర్చీ వినాలి. తోడేలు వచ్చేచోట ముందుకు వంగుతాడు, కుర్చీ కిర్రుమంటుంది. నాసిరకం సెట్టులో అది వినపడదు. కొత్తలో ఈ రికార్డు నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ కిర్రు విని గీత ఉందన్నాను. ఇంకోటి తెప్పించాను, అందులోనూ ఉంది. అచ్చులోనే తప్పుందని రాసి పంపాను. ఐదొందల రికార్డులు మరలో వేసి పిండి చేసేశారు. వారం పోయాక కథ రికార్డు చేసినాయన వచ్చాడు. అది కుర్చీ చప్పుడమ్మా, నేనే కావాలని ఉంచాను, పిల్లలకు తాతయ్య పక్కన కూర్చున్నట్టుంటుందని అన్నాడు. నాకు తలెత్తుకోవడానికి లేకపోయింది."

"మరి మిమ్మల్ని ఏమన్నారు?"

"ఏమంటారు. జాగ్రత్తగా విన్నావని మెచ్చుకున్నారు."

ఆమె పని చేసిన గదిని గురించి కూడా ఇలాగే ముక్కలు ముక్కలుగా చెప్పేది. కిటికీ లేదు. చప్పుడు తిరిగి మోగకుండా గోడలకు మెత్తటి బెరడు అంటించారు. ఒక బల్ల, ఒక దీపం, ఒక పెన్సిలు. ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో చిటుక్కుమందో చీటీ మీద వేయాలి. ఇరవై రెండేళ్ళలో ఆమె పాటలు వినలేదు, పాటల మధ్య పడ్డ నలుసులు ఏరింది. బియ్యంలో రాళ్ళు ఏరేవాడికి బియ్యం కనపడదు తమ్ముడూ అని తనే నవ్వింది ఒకసారి. నేనూ నవ్వాను. అందులో నవ్వడానికేమీ లేదని నాకు ఆమె భర్త వచ్చిన రోజున తెలిసింది.

గీతక్క రాని రోజు చూసుకుని వచ్చారాయన. పొట్టిగా, వెడల్పు భుజాలతో, చేతిలో వార్తాపత్రికలో చుట్టిన ఒక రికార్డు పట్టుకుని. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు తోలి ఆ నెలలోనే దిగిపోయిన డ్రైవరు. తను వచ్చినట్టు ఇంటావిడకు చెప్పవద్దన్నారు ముందుగానే. గీతక్కను నేను అక్కా అంటాను కాబట్టి ఈయన నాకు బావగారయ్యారు. ఆ వరస కలపగానే ఆయన మొహం విప్పారింది, బల్ల మీద మోచేతులు ఆనించి మనసు విప్పేశారు.

"వచ్చే నెలకి మా పెళ్ళయి ముప్పై అయిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క పాటంటే ఒక్క పాట ఇద్దరం కలిసి కూర్చుని వినలేదంటే నమ్ముతావా?"

"అక్కకి పాటలంటే పడవా?"

"అదీ తెలీదు. నేను ప్లేయరు పెట్టగానే సూది అరిగిందంటుంది. లేదంటే రికార్డు వంగిందంటుంది. అబద్ధమాడదు, ఉన్నదే అంటుంది. కానీ ఆ మాట చెవిన పడ్డాక ఇక నాకూ అదే వినపడుతుంది. కట్టేస్తాను. బస్సులో మాత్రం పాడుకునేవాణ్ణి. నా రూటులో ఎక్కేవాళ్ళకి నా పాటలన్నీ వచ్చు." గొంతు తగ్గించారు. "అందుకే ఒకటనుకున్నా. తప్పు పట్టడానికి వీల్లేని సెట్టు ఒకటి కొనేస్తే సరిపోతుంది కదా."

"అక్క చెవికి ఆనే సెట్టు ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు బావగారూ" అన్నాను. ఆయన నవ్వలేదు.

కొత్త సెట్టు కొనేవాళ్ళు తమకు బాగా అలవాటైన రికార్డు ఒకటి వెంట తెచ్చుకోవడం మామూలే. ఒకరికి డోలు దెబ్బ గుండెకు తగలాలి. ఇంకొకరికి తీగ మీద వేలు జారిన చప్పుడు వినపడాలి. మీకేం వినపడాలి అని అడిగాను.

"మూడో చరణం దగ్గర ఈ పాడే ఆవిడ ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. వాయించేవాళ్ళు ఆమె కోసం ఆగుతారు. బస్సు కదలబోతుంటే అద్దంలో ఎవరో పరుగెత్తుకొస్తూ కనపడతారు, మనం బ్రేకు మీద కాలు అలాగే ఉంచుతాం చూడు, అలా ఉంటుందన్నమాట. అది ఉండాలి నాకు."

"అది రికార్డులోనే ఉంది కదా. ఏ సెట్టులోనైనా ఉంటుంది."

"అయినా చూద్దాం."

నాలుగు సెట్లు పెట్టి చూపించాను. నాలుగింట్లోనూ ఆమె అలాగే ఆలస్యంగా వచ్చింది. ఆ చోటు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేల మీద మెత్తగా ఒత్తుకునేది. నాకు ఆ పాటలో అంతవరకు అలాంటిదేమీ కనపడలేదు. అదే పాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి ఏది ఎంచుకోవాలో తేలక, గుండ్రటి పెద్ద మీట ఉన్న ఆంప్లిఫైయరు దగ్గర ఆగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. స్టీరింగు పట్టుకున్నట్టుంది, ఇదే ఖాయం చెయ్యమన్నారు.

గీతక్క చెల్లెలి ఇంటికి వెళ్ళిన రోజున నేనే వెళ్ళి బిగించి వచ్చాను. చిన్న ఇల్లు, మూడో అంతస్తు. ఎన్ని వస్తువులు జరిపితే స్పీకర్లకు చోటు దొరికిందో. ఆయన ఒక కుర్చీని గది మధ్యలో పెట్టి, టేపుతో కొలిచి, మళ్ళీ జరిపి, అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నన్ను కూడా. నేను చేసిన తప్పొక్కటే. రికార్డు తిరిగే పళ్ళెం వేగం సరిచూడలేదు. కొత్తది కదా, చూసే పంపి ఉంటారులే అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. ఇద్దరి మాటల్లో తేడా లేదు. గీతక్క సాయంత్రం వచ్చింది. సెట్టును చూసి నోరు వెళ్ళబెట్టింది. ఆయన ఆమె చేతిలో సంచీ అందుకుని, భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. వార్తాపత్రిక విప్పి ఆ రికార్డే పెట్టారు. పక్కన ముక్కాలిపీట మీద తను కూర్చున్నారు. మొదటి పల్లవి ఇంకా పూర్తికాలేదు.

"పళ్ళెం కాస్త వేగంగా తిరుగుతోందండీ. ఈ పాట ఇంత హెచ్చు శ్రుతిలో ఉండదు" అంది గీతక్క.

ఆయన లేచి సూది ఎత్తారు. రికార్డును మళ్ళీ పత్రికలో చుట్టారు. ప్లేయరు మూత వేసి, దాని మీద ఒక దుప్పటి కప్పి, కాళ్ళు కడుక్కురా అన్నం తిందాం అన్నారు. కోపం లేదు, మాట విసుగ్గా కూడా లేదు. గీతక్క మర్నాడు పొద్దున్నే చిన్న స్క్రూడ్రైవరుతో వేగం సరిచేసింది. సరిచేశానని చెప్పింది. మంచిదన్నారాయన, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ.

దుప్పటి తీయలేదు. ఒక వారం, ఒక నెల, రెండు నెలలు. ఆయన స్నానం చేస్తూ కూనిరాగం తీయడం కూడా మానేశారు. అడిగితే గొంతు బాగాలేదన్నారు.

ఈ కబురంతా నాకు తెలిసింది ఒక శుక్రవారం. ఆరోజు గీతక్క ఒక కొత్త ఆంప్లిఫైయరు పరీక్షించడానికి కూర్చుని, మొదటి రికార్డు అయిపోయినా చీటీ మీద ఒక్క ముక్క రాయలేదు. సూది చివరి గాడిలో పడి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఏమైందక్కా అన్నాను.

"ఇంట్లో చప్పుడు లేదు తమ్ముడూ. చప్పుడు లేని రికార్డు కావాలని ఇరవై రెండేళ్ళు తంటాలు పడ్డాను. ఇప్పుడు ఇల్లే అలా తయారైంది."

అప్పుడు అన్నీ చెప్పింది. వేగం చూడకుండా పెట్టి వచ్చింది నేనేనని ఒప్పుకున్నాను. ఆమెకు తెలుసట, నా బిగింపు చూసి ఆ రోజే గుర్తుపట్టిందట. నాకు మొహం చెల్లలేదు. ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి బావగారు నాలుగు సెట్లు ఎలా పరీక్షించారో చెప్పాను. మూడో చరణం, ఆలస్యంగా అందుకునే గొంతు, బ్రేకు మీద కాలు.

గీతక్క పెన్సిలు బల్ల మీద పెట్టింది. "ఆలస్యమా? ఆ పాటలోనా?"

"మీకు తెలీదా?"

"ఆ రికార్డు నా చేతిమీదుగా నలభైసార్లు పోయింది. మొదటి అచ్చులో రెండు నిమిషాల పదకొండో సెకను దగ్గర చిటుకు ఉండేది. రెండో అచ్చులో అది పోయి చివర్న గరగర వచ్చింది. మూడో అచ్చు మంచిది." బల్ల మీది పెన్సిలును వేలితో పక్కకు దొర్లించింది. "ఆమె ఏం పాడుతుందో మాత్రం నాకు తెలీదు."

మా దుకాణంలో ఆ పాట ఇంకో కాపీ ఉంది. పెట్టమంది. పెట్టాను. గీతక్క ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుని, ఎప్పుడూ చూసే గోడనే చూస్తూ, ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. పాట అయిపోయింది.

"మూడో చరణం వచ్చిందా?" అంది.

"వచ్చి పోయిందక్కా."

మళ్ళీ పెట్టాను. ఈసారి ఆమె చెయ్యి తనంతట తనే పెన్సిలు అందుకుంది. నిమిషం నలభై అని రాసింది. ఏముందక్కడ అంటే దుమ్ము అంది. పెన్సిలు నేను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. మూడోసారి వేలితో తొడ మీద గీయడం మొదలుపెట్టింది. నాలుగోసారికి లేచి నిలబడి, నాకు రాదు అని, తువ్వాలులో తన మూడు రికార్డులూ చుట్టుకుని వెళ్ళిపోయింది. అంతటి మనిషి ఏదైనా రాదని ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి భర్తను అడిగింది. ఈ భాగం బావగారు చెప్పింది. ఆయన బాల్కనీలో బట్టలు తీస్తున్నారట.

"ఏమండీ, నాకు వినడం నేర్పండి."

"నీకా? నేనా?" ఆయన హాస్యమనుకున్నారు. ఊరంతా నీ చెవులు అరువు తెచ్చుకుంటుంటే నేను నేర్పేదేంటన్నారు.

"ఆ పాటలో ఆమె ఆలస్యంగా వస్తుందటగా. నాకు దొరకలేదు. నాలుగుసార్లు విన్నాను."

ఆయన చేతిలో బట్టలు అలాగే పట్టుకుని చాలాసేపు ఆమె మొహంలోకి చూశారట. వెక్కిరింతకు అనడం లేదని తేల్చుకున్నాక లోపలికి వచ్చి దుప్పటి తీశారు. వెంటనే ఏమీ జరగలేదు. ఆ రోజూ దొరకలేదు, మర్నాడూ దొరకలేదు. పైగా దెబ్బలాట కూడా అయింది. వచ్చేస్తోంది వచ్చేస్తోంది అని ఆయన ముందే చెప్పేస్తుంటే, మీరు మాట్లాడితే నాకేం వినపడుతుంది అని ఆమె విసుక్కుంది. ఆయన చిన్నబుచ్చుకుని వీధిలోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగి వచ్చారు.

ఆ చుట్టు తిరుగుతున్నప్పుడే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. బస్సు నేర్పేటప్పుడు కొత్త డ్రైవర్లు రోడ్డును వదిలేసి గేరు కర్రనే చూస్తారట. అలాంటివాళ్ళను మాటల్లో పెట్టేవారట ఆయన. ఇంటి సంగతులు అడిగితే, జవాబు చెబుతూ చెబుతూ చెయ్యి దాని పని అది చేసుకుపోయేదట. అందుకని గీతక్కను గది మధ్య కుర్చీలోంచి లేపేశారు. వంటింట్లో కూర్చోమన్నారు, ప్లేయరు కనపడకుండా. ఒక గిన్నెడు బఠాణీలు ముందు పెట్టి ఒలవమన్నారు. వినొద్దన్నారు. పాట తలుపు అవతల దాని మానాన అది వస్తుంది, నువ్వు ఒలుచుకుంటూ ఉండు అన్నారు.

పదిహేను రోజులు అలా సాగింది. బఠాణీలు, తర్వాత ఊడిన గుండీలు, తర్వాత చింపిన పాత కాగితాలు. ఆ పాటొక్కటే కాదు, ఆయన దగ్గరున్నవన్నీ పెట్టారు. మొదట్లో ఆమెకు తలుపు అవతలి నుంచి కూడా సూది చప్పుడే వినపడేది. తర్వాత తర్వాత పాటలోని మాటలు అక్కడొకటి ఇక్కడొకటి చెవిన పడ్డాయి. ఒకరోజు వంకాయలు తరుగుతూ, ఆ మొగుడు ఉత్తరం ఎందుకు రాయలేదండీ అని అడిగిందట. ఏ మొగుడని ఆయన కంగారుపడ్డారు. పాటలో మొగుడు. తర్వాత పాటలో తెలుస్తుంది, ఆగు అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆమె గిన్నెలు తుడుస్తోంది. ఆ పాట వస్తోంది. ఆయన ముందు గదిలో కునుకు తీస్తున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగిపోవడానికి మెలకువ వచ్చి ఆయన కళ్ళు తెరిస్తే గీతక్క గుమ్మంలో నిలబడి ఉంది, తుడిచే గుడ్డ ఒక చేతిలో, మూకుడు ఒక చేతిలో.

"ఆగారు" అంది. "ఆమె కోసం ఆగారు."

ఆయన లేచి కూర్చున్నారు. పక్కకు జరిగి చోటిచ్చారు. మూకుడు ఒళ్ళో పెట్టుకుని ఆమె మిగతా పాట వింది. అయిపోయాక ఆయన రికార్డు తిప్పి రెండో పక్క పెట్టారట, అంతే.

సోమవారం ఆమె దుకాణానికి వచ్చినప్పుడు మొహం చూడగానే నాకు అర్థమైంది. నేనడగలేదు. ఆ రోజే ఒక పెద్ద స్పీకర్ల జత వచ్చింది. నిలువెత్తు ఉన్నాయి. వాటిని తెప్పించి అమ్ముదామా వద్దా అన్నది గీతక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆమె మూడు రికార్డులూ పెట్టి వింది. "స" బుసకొట్టలేదు, చెక్కల చిటచిట మునగలేదు, కుర్చీ కిర్రుమంది. చీటీ ఖాళీగా ఉంది. యజమాని చేతులు రుద్దుకున్నారు. గీతక్క మాత్రం లేవలేదు. ఆ పాట ఒకసారి పెట్టు తమ్ముడూ అంది. విన్నాక, "వీటిలో తప్పు లేదు బాబూ. కానీ నాకు వినాలని లేదు" అంది.

"అంటే ఏమని రాయమంటారు?"

"అదే తెలీడం లేదు. అర్ధగంట కూర్చున్నాక ఎప్పుడు లేచి పోదామా అనిపించింది. ఆమె ఆలస్యంగా రావడం కూడా ముందే చెప్పి వచ్చినట్టుంది."

యజమాని నా వంక చూశారు. నాకైతే అవి బ్రహ్మాండంగా ఉన్నాయి, దాచుకోవడమెందుకు. ఆయన ఒక పూట ఆలోచించి ఆ స్పీకర్లు తెప్పించే ఏర్పాటు చేసుకున్నారు. బాగానే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో ఒక్కాయన మాత్రం ఆరు నెలలకు మార్చుకుంటానని వచ్చాడు. ఏం లోపమంటే లోపమేమీ లేదు, ఎందుకో ఇంట్లో పాట పెట్టడం తగ్గిపోయింది అన్నాడు. గీతక్క అన్నది నిజమని దీన్నిబట్టి నేను ఖాయం చేయలేను. అతనికి వేరే కారణాలుండవచ్చు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె మా దగ్గరే పనిచేసింది. పని మునుపటికంటే నెమ్మదించింది. మునుపు అర్ధగంటలో తేల్చేది, ఇప్పుడు ఒక పూట పట్టేది. తప్పులు పట్టడం మానలేదు, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ చీటీ కింద ఇంకో వరస చేరింది. "వినాలనిపించింది" అనో, "అనిపించలేదు" అనో. ఆ వరస ఎవరూ అడగలేదు, ఆమే రాసేది. కొన్నాళ్ళకు కొనడానికి వచ్చేవాళ్ళు ఆ కింది వరసే ముందు చదవడం మొదలుపెట్టారు.

ఒక ఉదయం కొత్త ప్లేయరు పరీక్షిస్తూ నన్ను పిలిచింది. మొదటి రికార్డు మొదట్లో, పాట మొదలవకముందు, సన్నటి సుయ్‌మనే చప్పుడు ఉంటుంది. వినపడుతోందా అని అడిగింది. వినపడుతోందన్నాను. స్పీకరు దగ్గరకు వెళ్ళి చెవి ఆనించి, ఇప్పుడూ వినపడుతోందా అంది. అవునన్నాను. ఆమె తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. వయసు మీద పడితే ముందుగా పోయేవి ఆ సన్నటి చప్పుళ్ళేనని మా ఇద్దరికీ తెలుసు. నేను అబద్ధమాడి ఉంటే బాగుండేదేమోనని ఆ క్షణాన అనిపించింది. ఆడినా ఆమె నా మొహం చూసి పట్టేసేది.

మధ్యాహ్నం తనే యజమాని దగ్గరకు వెళ్ళి చెప్పింది. ఆయన చాలా బతిమాలారు. ఎవరికి తెలుస్తుందమ్మా, మీ అంత చెవి ఇప్పటికీ ఈ ఊళ్ళో లేదు అన్నారు.

"నాకు తెలుస్తుంది కదా బాబూ. వినపడనిదాని కింద సంతకం ఎలా పెడతాను?"

ఆ నెలాఖరుతో మానేసింది. వెళ్ళే రోజున ఆ గట్టి మనిషి కళ్ళు తుడుచుకోవడం చూశాను. అలవాటైన పని పోతే ఎవరికైనా అంతే. సుయ్‌మనే చప్పుడు వినపడకపోయినా పాటకేం తక్కువ అని నేను ఓదార్చబోయాను. "అది సగం నిజం తమ్ముడూ. అది పోయిందని నాకు బాధగానే ఉంది, ఉండనీ" అంది.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. ప్లేయరు లోపలి బెల్టు సాగిపోయిందని బావగారు కబురుపెట్టారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఏదో వాదనలో ఉన్నారు. కొత్తగా తెచ్చుకున్న రికార్డులో ఒక పాటను మగమనిషి ఒకసారి, ఆడమనిషి ఒకసారి పాడారు. మగమనిషి పాడిందే బాగుందని ఆయన, అతను ఏడుపు నటిస్తున్నాడని ఆమె. బెల్టు అంతగా సాగిపోయి ఉంటే ఎలా విన్నారని అడిగాను. నాకు జవాబు చెప్పే తీరిక ఇద్దరికీ లేదు.

"నటించడమేంటి? పెళ్ళాం పోయినవాడు అలాగే పాడతాడు."

"పోయినట్టు పాటలో ఎక్కడుందండీ? పుట్టింటికి వెళ్ళిందంతే. మళ్ళీ పెట్టి చూద్దాం, తమ్ముణ్ణి బాగుచెయ్యనివ్వండి."

బెల్టు మార్చాను. వేగం రెండుసార్లు సరిచూశాను. గీతక్క అదేమీ గమనించలేదు. పాట మొదలైంది, ఇద్దరూ మాట ఆపేశారు. నేను సామాను సర్దుకుని, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాను.